ఇంగ్లండు చదువు, టైప్ వన్ షుగరు: బయల్దేరే ముందు సిరంజి మార్చండి

ప్రశ్న: నా వయసు 23. మాది ఖమ్మం. పన్నెండో ఏట నుంచి టైప్ వన్ డయాబెటిస్ ఉంది. మూడు పూటలా భోజనానికి అరగంట ముందు యాక్ట్రాపిడ్ ఇన్సులిన్ 8 యూనిట్ల చొప్పున సీసాలోంచి సిరంజితో తీసి వేసుకుంటాను. రాత్రి 10 గంటలకు రోజంతా పనిచేసే గ్లార్జిన్ ఇన్సులిన్ పెన్నుతో 18 యూనిట్లు. సెప్టెంబరులో ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండులోని లెస్టర్ వెళ్తున్నాను. ఎన్ని నెలల ఇన్సులిన్ తీసుకెళ్లాలి? విమానంలో ఎలా? రాత్రి డోసు టైము ఏం చేయాలి? అక్కడ మందుల ఖర్చెంత? ఖర్చుల కోసం గోడౌన్లో పార్ట్‌టైమ్ చేద్దామనుకుంటున్నాను. అమ్మేమో "అక్కడ ఎవరికీ చెప్పకు, మనవాళ్లకు తెలిస్తే రేపు సంబంధాలు రావు" అంటోంది. చెప్పాలా, వద్దా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిశ్చింతగా వెళ్లండి. షుగరుందని బ్రిటన్ వీసా ఆపరు. ఆరు నెలలకు మించి ఉండబోయే మనవాళ్లను ఆరోగ్యం విషయంలో వాళ్లు అడిగేది టీబీ పరీక్ష సర్టిఫికెట్ ఒక్కటే. పదకొండేళ్లుగా సూది పట్టిన మీకు జబ్బు గురించి కొత్తగా చెప్పేదీ లేదు. మీరు జాగ్రత్త పడాల్సింది లెక్కలు మారే చోట. ఇన్సులిన్ బలం లెక్క, మీటరు లెక్క, గడియారం లెక్క మూడూ ఒక్కసారే మారతాయి. అన్నిటికంటే ముందు సిరంజి సంగతి చూద్దాం.

మీ యాక్ట్రాపిడ్ సీసా మీద "40 ఐయూ/ఎంఎల్" అని ఉంటుంది. మీ సిరంజికి ఎర్ర మూత ఉంటుంది, దాని గీతలు ఆ 40 బలానికి సరిపడా గీసినవి. ఇంగ్లండులో అదే యాక్ట్రాపిడ్ సీసాలో మిల్లీలీటరుకు 100 యూనిట్లుంటాయి. ఇక్కడి ఎర్రమూత సిరంజితో అక్కడి సీసాలోంచి 8వ గీత దాకా లాగితే లోపలికొచ్చేది 0.2 మిల్లీలీటరు. అంటే 20 యూనిట్లు, రెండున్నర రెట్లు! రాత్రి భోజనానికి ముందు జరిగితే ప్రాణం మీదికొస్తుంది. తిరగేసి చేసినా నష్టమే. ఇక్కడి 40 సీసాలోంచి నారింజ మూత ఉన్న 100 సిరంజితో 8 గీతలు లాగితే ఒంట్లోకి వెళ్లేది 3.2 యూనిట్లే. షుగర్ ఎందుకు దిగడం లేదో తెలియక నాలుగు రోజులు తల పట్టుకుంటారు.

అందుకే ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు మీ డాక్టరును కలిసి, భోజనం ముందు ఇన్సులిన్ కూడా పెన్నులోకి మార్చమని అడగండి. మామూలు పెన్నుల్లో ఉండేది ఇక్కడైనా అక్కడైనా 100 బలమే. యాక్ట్రాపిడ్‌కు బదులు వేగంగా పనిచేసే ఆస్పార్ట్ గానీ లిస్ప్రో గానీ అయితే ఇంకా మంచిది. నోవోరాపిడ్, హ్యూమలాగ్ పేర్లతో రెండు దేశాల్లోనూ దొరుకుతాయి. పైగా అరగంట ముందు వేసుకుని కూర్చోనక్కర్లేదు, పళ్లెం ముందుకొచ్చాక వేసుకోవచ్చు. అయితే ఇవి తొందరగా ఎక్కి తొందరగా దిగిపోతాయి. యాక్ట్రాపిడ్ తోక ఆరు నుంచి ఎనిమిది గంటలు లాగుతుంది కాబట్టి 11 గంటలకు ఏదో ఒకటి తినే అలవాటు మీకు ఉండే ఉంటుంది. కొత్తదాంతో ఆ చిరుతిండికి షుగర్ పెరగొచ్చు. డోసు సర్దుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ సర్దుబాటు ఇంట్లో, అమ్మ పక్కనుండగా జరగాలి. ఎర్రమూత సిరంజులు మాత్రం ఒక్కటి కూడా పెట్టెలో పెట్టుకోవద్దు. అక్కడ ఏ అర్ధరాత్రో పెన్ను మొరాయిస్తే చెయ్యి దానిమీదికే పోతుంది.

ఎంత తీసుకెళ్లాలి అంటే, మూడు నెలలకు సరిపడా, ఇన్సులిన్ అయితే మీద మూడో వంతు. లెక్క ఇలా వేయండి. పెన్ను వాడిన ప్రతిసారీ గాలి పోవడానికి 2 యూనిట్లు బయటికి వదలాలి. గ్లార్జిన్ రోజుకు 18, వదిలేది 2, మొత్తం 20. ఒక పెన్నులో 300 యూనిట్లు, కాబట్టి 15 రోజులొస్తుంది. 90 రోజులకు 6 పెన్నులు. భోజనం ఇన్సులిన్ 24, వదిలేవి 6, మొత్తం 30. పెన్ను 10 రోజులు, 90 రోజులకు 9. ఈ 15 మీద ఐదు కలిపి 20 పెన్నులు పెట్టుకోండి. రోజుకు నాలుగు సూదుల చొప్పున 360 సూదులు, అంటే వంద ఉండే డబ్బాలు నాలుగు. స్ట్రిప్పులు రోజుకు ఐదు చొప్పున 450. మూడు నెలలు ఎందుకంటే, వెళ్లగానే మామూలు డాక్టరు దగ్గర పేరు నమోదై మొదటి మందుల చీటీ చేతికి రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు, ఆసుపత్రిలో డయాబెటిస్ క్లినిక్‌కు పిలుపు రావడానికి నెలలు కూడా పట్టొచ్చు.

ఇవన్నీ చేతిసంచిలోనే ఉండాలి. చెకిన్ పెట్టె దారితప్పితే మందులు పోతాయి, తప్పకపోయినా విమానం పొట్టలో గడ్డకట్టే చలి తగలొచ్చు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు, పని మాత్రం చేయదు. కోల్డ్ ప్యాక్ పెడితే దాన్ని తువ్వాలులో చుట్టండి, పెన్నుకు నేరుగా తగలనివ్వొద్దు. ఖమ్మం నుంచి శంషాబాద్ దాకా కారు ఎండలో ఆగితే లోపలి వేడి 40 డిగ్రీలు సులువుగా దాటుతుంది, అసలు భయం అక్కడ. కరెంటు లేని ఇళ్లలో ఇన్సులిన్ను తడి కుండలో పెడతారు కదా, నీటితో తడిపి వాడే ఇన్సులిన్ సంచులు కూడా అదే సూత్రం మీద పనిచేస్తాయి. నీరు ఆవిరవుతూ చల్లబరుస్తుంది, గడ్డకట్టించే ప్రమాదం లేదు. విమానంలో సిబ్బంది "ఫ్రిజ్‌లో పెడతాం ఇవ్వండి" అంటే వద్దనండి. ఐసు పక్కన పెట్టేస్తారు, లేదా దిగేటప్పుడు మరిచిపోతారు. పది పన్నెండు గంటలు క్యాబిన్ వాతావరణంలో ఇన్సులిన్‌కు ఏమీ కాదు.

డాక్టరు లెటర్‌హెడ్ మీద ఇంగ్లిషులో ఉత్తరం తీసుకోండి. పాస్‌పోర్టులో ఉన్నట్టే మీ పేరు, టైప్ వన్ అన్న మాట, ఇన్సులిన్ల అసలు పేర్లు (బ్రాండు పేరు మారినా ఇవి మారవు), డోసులు, సూదులు, మీటరు, గ్లూకోజు, కోల్డ్ ప్యాక్ వెంట ఉండాలన్న వాక్యం. మూడు కాపీలు, ఫోనులో ఒక ఫోటో. సెక్యూరిటీ దగ్గర వాళ్లు అడిగేలోపే చెప్పి సంచి తెరిచి చూపించండి. దుబాయ్, దోహా మీదుగా వెళ్తే అక్కడా మళ్లీ తనిఖీ ఉంటుంది. గ్లూకోజు పొడిని విడిగా కవర్లో పోసుకోకండి, పేరు అచ్చేసిన ప్యాకెట్‌తోనే ఉంచండి. ఎక్స్‌రే వల్ల ఇన్సులిన్ చెడదు.

టికెట్టు తీసుకునేటప్పుడు "డయాబెటిక్ భోజనం" ఎంచుకోవద్దు. అందులో పిండిపదార్థం చాలా తక్కువ ఉంటుంది, మీ డోసుకు సరిపోక షుగర్ పడిపోతుంది. మామూలు శాకాహారమో, మీరు తినేదో చెప్పండి. ట్రే మీ బల్ల మీదికి వచ్చాకే సూది. బండి రెండు వరుసల అవతల ఉంది కదా అని ముందే వేసుకుంటే, సరిగ్గా అప్పుడే కుదుపులొచ్చి అందరినీ కూర్చోమంటారు. పైకెక్కినప్పుడు గాలి ఒత్తిడి మారి పెన్నులో బుడగలు చేరతాయి కాబట్టి సూదిని పెన్నుకే వదిలేయొద్దు, వేసుకునే ముందు 2 యూనిట్లు వదలడం మరవొద్దు.

ఇక రాత్రి డోసు. సెప్టెంబరులో ఇంగ్లండు మనకంటే నాలుగున్నర గంటలు వెనక. మన రాత్రి 10 అక్కడ సాయంత్రం 5:30. పడమటికి వెళ్తున్నారు కాబట్టి మీ రోజు సాగుతుంది. సులువైన దారి: ప్రయాణం రోజు మన గడియారం ప్రకారమే, అంటే అక్కడి 5:30కి వేసుకోండి. మర్నాడు 7 గంటలకు, ఆ మర్నాడు 8:30కి, నాలుగో రోజు 10కి. ఒక్కో డోసు మధ్య 25న్నర గంటలే అవుతుంది, చివరి గంటలో కొంచెం పెరిగినా సర్దుకోవచ్చు. అసలు జాగ్రత్త తిరిగి వచ్చేటప్పుడు. తూర్పుకొస్తే రోజు కురచవుతుంది. అక్కడ రాత్రి 10కి వేసుకుని, మర్నాడు ఇక్కడ రాత్రి 10కి వేసుకుంటే మధ్యలో 19న్నర గంటలే. రెండు డోసులు ఒకదాని మీద ఒకటి పడి తెల్లవారుజామున షుగర్ దిగిపోతుంది. ఆ ఒక్క రాత్రి సుమారు ఐదో వంతు తగ్గించి 14 వేసుకోవడం వాడుక. లేదంటే బయల్దేరే మూడు రోజుల ముందు నుంచే రోజుకు గంటన్నర చొప్పున ముందుగా వేసుకుంటూ రావొచ్చు. ఏది మీకు నప్పుతుందో డాక్టరుతో మాట్లాడి కాగితం మీద రాయించుకోండి. అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి తేడా ఐదున్నర గంటలు. సంక్రాంతికి ఇంటికొస్తే ఈ లెక్క వేయాలి.

హాస్టల్లో దిగిన మొదటి రాత్రి ఫ్రిజ్ చూసుకోండి. నలుగురు వాడే ఫ్రిజ్‌లో ఎవరో ఒకరు చల్లదనం పూర్తిగా పెంచేసి ఉంటారు. వెనక గోడకు మంచు పేరుకుంటుంది, దానికి ఆనుకున్న పెన్ను పొద్దున్నకు గడ్డకడుతుంది. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో మీ పేరు రాసి మధ్య అరలో ముందువైపు పెట్టండి. వాడుతున్న పెన్ను గదిలోనే ఉండొచ్చు, తెరిచాక 28 రోజులు. చలికాలంలో కిటికీ గట్టు మీద, హీటరు పక్కన మాత్రం వద్దు. యూనివర్సిటీలో వికలాంగ విద్యార్థుల సహాయ విభాగం ఉంటుంది. ఆ పేరు చూసి వెనక్కి తగ్గకండి. బ్రిటన్ 2010 సమానత్వ చట్టం కింద టైప్ వన్ ఉన్నవాళ్లకూ ఆ రక్షణ వర్తిస్తుంది. పరీక్ష హాల్లోకి మీటరు, గ్లూకోజు తీసుకెళ్లడం, షుగర్ పడిపోతే ఆగిన సమయాన్ని కలిపివ్వడం, గదిలో చిన్న ఫ్రిజ్ వంటివి అడగొచ్చు. మొదటి నెలలోనే అడగాలి, పరీక్షల ముందు అడిగితే గడువు దాటిపోతుంది.

ఖర్చు సంగతి మీరు భయపడుతున్నంత లేదు. విద్యార్థి వీసాతో పాటు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది కోర్సుకు వీసా దాదాపు ఏడాదిన్నర వస్తుంది కాబట్టి 1,164 పౌండ్లు ముందే కడతారు. ఆ తర్వాత డాక్టరును చూడటానికి, ఆసుపత్రి క్లినిక్‌కు డబ్బు లేదు. దిగిన వారంలోనే మీరుండే వీధికి దగ్గరి జీపీ, అంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వైద్యుడి దగ్గర పేరు నమోదు చేసుకోండి. జ్వరమొచ్చాక చూద్దాం అనుకోవద్దు.

ఇంగ్లండులో చీటీ మీద ఒక్కో మందుకు 9.90 పౌండ్లు. మీకు ఇన్సులిన్లు రెండు, సూదులు, స్ట్రిప్పులు, కీటోన్ (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లం) స్ట్రిప్పులు కలిపి ఐదారు ఉంటాయి. అయితే ఇన్సులిన్ వాడేవాళ్లకు ఈ రుసుము మాఫీ. మాఫీ దానంతటదే రాదు, దానికో సర్టిఫికెట్ ఉంది. జీపీ దగ్గర ఎఫ్‌పీ 92ఏ ఫారం నింపితే ఇంటికి పంపుతారు, ఐదేళ్లు చెల్లుతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. సర్టిఫికెట్ రాకముందే, "నాకు షుగరుంది కదా" అని మందుల షాపులో మాఫీ గడిలో టిక్కు పెట్టేస్తారు. తర్వాత తనిఖీలో దొరికి 100 పౌండ్ల దాకా జరిమానా పడుతుంది. సర్టిఫికెట్ వచ్చేదాకా డబ్బు కట్టి, కట్టేటప్పుడే ఎఫ్‌పీ 57 రసీదు అడిగి తీసుకోండి. తర్వాత వాపసు వస్తుంది. ఆ రసీదు మర్నాడు వెళ్లి అడిగితే ఇవ్వరు. మందులు అయిపోవడానికి వారం ముందే మళ్లీ చీటీ పెట్టండి. సూదులు వేయడానికి పసుపు డబ్బా కూడా చీటీ మీదే అడగండి, వాడిన సూదులు చెత్తబుట్టలో పడేయకూడదు. టైప్ వన్ ఉన్న పెద్దవాళ్లందరికీ షుగర్‌ను ఎప్పటికప్పుడు చూపే, చేతికి అంటించే సెన్సార్ ఇవ్వాలని 2022 నుంచి అక్కడి మార్గదర్శకం. క్లినిక్‌లో అడగండి. సెలవుల్లో ఇంటికొచ్చేటప్పుడు సెన్సార్లు అక్కడివే తెచ్చుకోవాలి. ఒక దేశంలో కొన్న సెన్సార్ ఇంకో దేశం యాప్‌తో పనిచేయకపోవచ్చు.

మీటరు అక్కడ మిల్లీమోల్ లెక్కలో చూపిస్తుంది. 18తో గుణిస్తే మన మిల్లీగ్రాముల లెక్క వస్తుంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) కూడా శాతాల్లో చెప్పరు, మన 7 శాతం వాళ్లకు 53. తిండి ప్యాకెట్ల మీద "కార్బోహైడ్రేట్" అని ఒక అంకె, దాని కింద "అందులో చక్కెరలు" అని చిన్న అంకె ఉంటాయి. డోసు పై అంకెకు వేయాలి. చక్కెర 2 గ్రాములే ఉందని బ్రెడ్డుకు ఇన్సులిన్ తగ్గిస్తే గంటలో షుగర్ ఎగబాకుతుంది. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం, చిన్న తూకం కొనుక్కుంటే మొదటి నెల చాలా తిప్పలు తప్పుతాయి. తిండిని బట్టి డోసు లెక్కించడం నేర్పే డాఫ్నే అనే శిక్షణ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉంది, అడిగి చేరండి.

షుగర్ పడిపోతే ఇక్కడ కూల్‌డ్రింక్ తాగే అలవాటుంటే మానుకోండి. 2018 ఏప్రిల్ నుంచి బ్రిటన్‌లో చక్కెర పానీయాల మీద పన్ను వేశాక చాలా కంపెనీలు చక్కెర తగ్గించేశాయి. పాత లెక్కతో సగం సీసా తాగితే కావలసిన 15 గ్రాములు అందవు. గ్లూకోజు బిళ్లలు, ఒక్కోటి సుమారు 4 గ్రాములు, నాలుగైదు నమలండి. పావుగంటకు మళ్లీ చూడండి, ఇంకా 4 లోపే ఉంటే మళ్లీ నాలుగు. కోటు జేబులో ఒకటి, మంచం పక్కన ఒకటి, సంచిలో ఒకటి ఉండాలి. బస్సుకు నడక, చలిలో సామాన్లు మోయడం, కొత్త ఊరు తిరగడం కలిసి మొదటి రెండు వారాల్లో డోసు తగ్గించాల్సి రావడం మామూలే.

గోడౌన్ పని చేయొచ్చు. చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే అనుమతి. కొన్ని గోడౌన్లలో ఫోను, సంచి లాకరులో పెట్టించి లోపలికి పంపుతారు, అక్కడే చిక్కు. సెన్సార్ చదివే ఫోనూ, గ్లూకోజూ లాకరులో ఉండిపోతే బరువులెత్తుతూ షుగర్ పడిపోయినప్పుడు మీ దగ్గర ఏమీ ఉండదు. అందుకని చేరేటప్పుడే ఈమెయిలు రాయండి: టైప్ వన్ ఉంది, మీటరు, ఫోను, గ్లూకోజు ఒంటిమీద ఉండాలి, అవసరమైతే పది నిమిషాలు ఆగాలి. ఇది దయ కోసం అడగడం కాదు, చట్టం ఇచ్చిన హక్కు. షిఫ్టు మొదట్లో షుగర్ 7 నుంచి 10 మధ్య ఉంటే మేలు. 5 లోపుంటే తినకుండా పనిలోకి దిగొద్దు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి నిద్రపోయే ముందు తప్పక చూసుకోండి. కండరాలు కొన్ని గంటల దాకా గ్లూకోజును లాగుతూనే ఉంటాయి, నిద్రలో పడిపోయేది అందుకే. కారు నడపాలనుకుంటే ఇన్సులిన్ వాడుతున్నట్టు అక్కడి లైసెన్సు శాఖకు చెప్పి తీరాలి, 5 లోపుంటే ఏదైనా తినకుండా బండి తీయకూడదు, 4కు తక్కువుంటే అసలు నడపకూడదు.

అక్టోబరులో కొత్త విద్యార్థులందరికీ జలుబు, జ్వరం పట్టుకుంటాయి. ఫ్లూ టీకా మీకు ఉచితం, వేయించుకోండి. వాంతులవుతున్నాయి, ఏమీ తినలేదు కదా అని గ్లార్జిన్ ఆపొద్దు. తిండి లేకపోయినా ఒంటికి అది కావాలి, ఆపితే కీటోన్లు పెరిగి ఒక్క రోజులో ఐసీయూ దాకా వెళ్తుంది. 14 దాటితే కీటోన్లు చూడండి. 0.6 లోపు ఫరవాలేదు. 1.5 దాటితే 111కు (ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు) గానీ క్లినిక్‌కు గానీ ఫోన్ చేయాలి. 3 దాటితే ఆలోచించకుండా ఎమర్జెన్సీకి.

అమ్మ మాట దగ్గరికొద్దాం. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు, మన దగ్గర ఆడపిల్లకు షుగరుందంటే వినే మాటలు ఆమెకు తెలుసు. కాబట్టి ఊరందరికీ చెప్పక్కర్లేదు. మీ ఫ్లాట్‌లో ఉండే ఇద్దరికి, పనిచోట ఒకరికి చెప్పి తీరాలి. వాళ్లు తెలుగువాళ్లే కానక్కర్లేదు. చెప్పాల్సింది కొంచెమే: తూలుతూ, చెమట పట్టి, పొంతన లేకుండా మాట్లాడితే గ్లూకోజు ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్సు నంబరు 999కు ఫోన్ చేసి "టైప్ వన్ డయాబెటిక్" అని చెప్పండి. మనవాళ్లు కంగారులో చక్కెర నీళ్లు పోసేస్తారు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పార్టీ నుంచి వచ్చిన రాత్రి తూలితే తాగిందనుకుని దుప్పటి కప్పి వదిలేస్తారు, ఆ మాట కూడా ముందే చెప్పి ఉంచండి. స్పృహ తప్పినప్పుడు షుగర్ పెంచే గ్లూకగాన్ సూది చీటీ మీద తీసుకుని, వాడటం ఒకరికి నేర్పండి.

అమ్మకోసం వెళ్లే ముందు ఒక కాగితం రాసి ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించండి. 4 అంటే 72, 5.5 అంటే 99, 7 అంటే 126, 10 అంటే 180, 14 అంటే 252. లేకపోతే మీరు వీడియో కాల్లో "ఇప్పుడు 6 ఉందమ్మా" అన్న రోజు ఆమెకు నిద్ర ఉండదు.